ఓడిపోతే పోయేదేముంది?

ఆటలు కూడు పెడతాయా? మన ఇళ్లలో ఈ ప్రశ్న వేసేవాళ్లెవరూ జవాబు కోసం ఆగరు. వీధిలోంచి పిల్లాణ్ణి చెవి పట్టుకుని లాక్కొస్తూ అనే మాట కదా అది! ఇవాళ తీరిగ్గా కూర్చున్నాం కనక, పోనీ జవాబు చెప్పుకుందాం రండి. కూడు పెడతాయండీ. కాకపోతే చుట్టు తిరిగి పెడతాయి, అదీ ఒక్క షరతు మీద. ఆ షరతేమిటో మాటల్లో మాటగా వస్తుంది.

ముందు బీమా సంగతి. 1654లో ఫ్రాన్సులో జూదం మీద మోజున్న ఒక పెద్దమనిషి, పాస్కల్ అనే గణిత మేధావికి ఒక చిక్కుముడి ఇచ్చాడు. ఇద్దరు చెరో 32 నాణేలు పందెం కాశారు. ముందుగా మూడు ఆటలు గెలిచినవాడికి మొత్తం 64. ఒకడు రెండు, ఇంకొకడు ఒకటి గెలిచేసరికి ఆట ఆగిపోయింది. ఎందుకాగింది అంటారా? కరెంటు పోయిందందామంటే అప్పటికి కరెంటే లేదు, వానొచ్చిందనుకోండి. ఇప్పుడా డబ్బు ఎలా పంచాలి?

పాస్కల్ ఇలా ఆలోచించాడు. తర్వాతి ఆట మొదటివాడు గెలిస్తే 64 అతనివే. ఓడినా ఇద్దరూ సమానమై 32 వస్తాయి. అంటే 32 ఎలాగూ అతని జేబులో ఉన్నట్టే. మిగతా 32 ఎవరివో తేలలేదు కాబట్టి చెరి సగం. కనక అతనికి 48, రెండోవాడికి 16. ఫెర్మా అనే మరో గణితజ్ఞుడు వేరే దారిలో వెళ్లి ఇదే లెక్కకు వచ్చాడు. ఇంకా జరగనిదానికి ఇవాళే వెల కట్టొచ్చన్న ధైర్యం అలా వచ్చింది. 1693లో హేలీ (తోకచుక్క హేలీయే!) బ్రెస్లౌ పట్టణం జనన మరణాల లెక్కలు ముందేసుకుని, ఏ వయసువాడికి జీవితాంతం పింఛనిస్తే ఎంత వసూలు చేయాలో తేల్చాడు. మీ సోఫాలో కూర్చుని కాఫీ తాగే బీమా ఏజెంటు గారి వంశవృక్షం తవ్వితే అడుగున పాచికలే ఉంటాయి. అయినా మన బళ్లో పరీక్షలు దగ్గర పడగానే ఆటల పీరియడ్‌ని లెక్కల మేష్టారు లాగేసుకుంటారు. ఎందుకయ్యా అంటే, సంభావ్యత పాఠం మిగిలిపోయిందట!

ఒక్కటి గమనించారా? ఆ చిక్కుముడి మీద ఉత్తరాలు రాసుకున్న పాస్కల్, ఫెర్మా ఇద్దరూ ఆ పందెంలో దమ్మిడీ పెట్టలేదు. వాళ్లకది సరదా. దీన్ని కాస్త గుర్తుంచుకోండి.

ఇక మన కాలానికి వద్దాం. ప్రోటీన్ ఒక పొడుగాటి గొలుసు. అది తనంతట తానే ఒక ఆకారంలోకి ముడుచుకుంటుంది. ఆ ఆకారం తెలిస్తే దాన్ని అడ్డుకునే మందు వెతకడం తేలికవుతుంది. 2008లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ ముడవడాన్నే ‘ఫోల్డిట్’ అనే కంప్యూటర్ ఆటగా మార్చేశారు. తెరమీద గొలుసును లాగాలి, మెలిపెట్టాలి, మడవాలి. బాగా కుదిరితే ఎక్కువ మార్కులు. ఆడినవాళ్లలో చాలామందికి జీవరసాయన శాస్త్రం ఓనమాలు కూడా తెలియవు. కోతులకు ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే వైరస్‌లో ఒక ఎంజైము ఉంది. పదేళ్లకు పైగా శాస్త్రవేత్తలకు అది కొరకరాని కొయ్య. ఆటగాళ్ల ముందు పెడితే మూడు వారాల్లో పనికొచ్చే నమూనా ఇచ్చేశారు. 2011లో అచ్చయిన పరిశోధన పత్రంలో వాళ్ల జట్ల పేర్లు కూడా రచయితల వరుసలో చేరాయి.

పండితులకు చిక్కనిది వీళ్లకెలా చిక్కింది? కారణాల్లో ఒకటి చాలా మామూలుది. తప్పు మడత వేస్తే ఆటగాడికి పోయేవి నాలుగు మార్కులు, పరిశోధకుడికి పోయేది ఏడాది గ్రాంటు. ఓటమి చవకైన చోట మనిషి పిచ్చి ప్రయత్నాలకు వెనకాడడు, అందులో ఒకటి తగులుతుంది. నేనన్న షరతు ఇదే: ఓడిపోవడం చవగ్గా ఉండాలి. ఆ ఆట పుట్టిన ప్రయోగశాల అధిపతి డేవిడ్ బేకర్‌కు 2024లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. అది పంచుకున్నవాళ్లలో ఒకరైన డెమిస్ హసాబిస్, నాలుగేళ్లకే చదరంగం మొదలుపెట్టి, పదిహేడేళ్లకు ‘థీమ్ పార్క్’ అనే వీడియో గేము తయారీలో చేయివేసిన మనిషి.

చదువూ శాస్త్రమూ సరే, నలుగురితో బతకడం ఎక్కడ నేర్చుకుంటాం? పియాజే అనే స్విస్ మనస్తత్వవేత్త గోళీలాడే పిల్లల పక్కన చతికిలబడి ప్రశ్నలు అడిగాడు; 1932లో దాని మీద పుస్తకం తెచ్చాడు. చిన్నపిల్లలేమో ఆట నియమాలు పెద్దవాళ్లో దేవుడో పెట్టినవి, మార్చకూడదన్నారు. కాస్త ఎదిగినవాళ్లు, అందరం ఒప్పుకుంటే మార్చుకోవచ్చన్నారు. ఆలోచిస్తే ప్రజాస్వామ్యం అంతా ఇందులోనే ఉంది కదూ! మన వీధుల్లోనూ అంతే. అంపైరు ఉండడు. తొండి ఆడితే ‘నేనాడను పో’ అని ఒకడు అలుగుతాడు, వాణ్ణి బతిమాలి తెచ్చుకోకపోతే జట్టు సరిపోదు. వెంటపడి ఏడ్చే బుల్లి తమ్ముణ్ణి ‘ఆటలో అరటిపండు’గా చేర్చుకుంటారు: వాడు అవుటైనా అవుట్ కాడు, ఆడినంతసేపూ వాడిదే ఆనందం. ఇలా బలహీనుడికి చోటివ్వాలని ఆ పిల్లలకు ఎవరూ పాఠం చెప్పలేదు.

‘బాగానే చెప్పొచ్చావు, పేకాటలో కొంపలు మునగలేదూ?’ అంటారా? మునిగాయి. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ మూడుముక్కలాటలా వట్టి అదృష్టం కాదు, ప్రధానంగా నేర్పుతో ఆడేదని చెప్పింది. నిజమే. కానీ ఎంత నేర్పున్న ఆటైనా, ఓడితే ఇంటి అద్దె పోతుందంటే అక్కడ సరదా అడుగంటుతుంది. ఫోన్లో చేతికందే రమ్మీతో అదే జరిగింది. డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది.

డబ్బొక్కటే కాదండోయ్, ఓటమిని ఖరీదు చేసేవి ఇంకా ఉన్నాయి. తెల్లారుజామున బిడ్డను అకాడమీకి తోలి, గ్యాలరీలో పళ్లు బిగించి కూర్చునే నాన్నగారి మొహం చూడండి. బ్యాడ్మింటన్‌లో పి.వి. సింధు పతకాలు మనందరికీ గర్వమే, కానీ వీధికో సింధు అక్కర్లేదు. మీ ఇంట్లో క్యారమ్స్ బోర్డు బీరువా వెనకే ఉండుంటుంది. దించి, పౌడరు చల్లి, ఈ రాత్రి పిల్లల చేతిలో ఓడిపోండి. కావాలని మాత్రం ఓడకండి, ఇట్టే పట్టేస్తారు.