సూదిమందు విడిచిన తెల్లమచ్చ

కీళ్లనొప్పి మన యిండ్లకు క్రొత్త చుట్టము కాదు. రుబ్బురోళ్లు మూలబడినను, బట్టలు పిండుటయు బిందె లెత్తుటయు మనకు తప్పలేదు. విజయనగరములో మా అన్నగారి యింట వదినగారికి కుడిచేతి బొటనవ్రేలి మొదటి కీలు పట్టుకొని, సీసామూత త్రిప్పుటయే కష్టమయ్యెను. డాక్టరుగారు ఆ కీలులో స్టెరాయిడ్ సూదిమందు వేసిరి. పది దినములలో నొప్పి తగ్గగా మే మందఱమును సంతోషించితిమి.

రెండు నెలలకు సూది గ్రుచ్చిన తావున రూపాయి బిళ్లంత తెల్లమచ్చ తేలెను. అచటి చర్మము పలుచనై కొంచెము గుంట పడెను. అప్పుడే మా మేనకోడలికి శ్రీకాకుళమునుండి సంబంధము వచ్చియుండెను. "బొల్లి" యను మాట యెవరి నోట వచ్చెనో గాని, యిల్లంతయు చిన్నబోయెను. చూపులనాడు వదినగారు ఆ చేతిని కొంగుచాటుననే దాచుకొనిరి. చర్మవ్యాధులు తొలగునని మనవారు అరసవల్లి సూర్యనారాయణస్వామిని కొలుచుట కలదు గదా! మా అమ్మయు మ్రొక్కుకొనెను. మ్రొక్కును మేము తప్పుపట్టము. ఆ దాపరికమే మమ్ము బాధించెను.

తుదకు వదినగారిని డాక్టరుగారి కడకు తీసికొనిపోతిమి. "ఇది బొల్లి కాదమ్మా! మందు చర్మమునకు చేరినచోట రంగునిచ్చు కణములు మందగించును. మోకాలికంటె, చర్మమునకు దగ్గరగా నుండు చేతికీళ్ల వద్ద నిది యెక్కువ. పెక్కుమందికి కొన్ని నెలలకో, యేడాది దాటియో రంగు తిరిగి వచ్చును, కొందఱికి నిలిచిపోవును" అని ఆయన చెప్పిరి.

"ఈ మాట ముందే చెప్పరాదా, బాబూ?" అని వదినగా రడిగిరి. చెప్పవలసినదే యని ఆయన యొప్పుకొనిరి.

మరునాడే మేము శ్రీకాకుళము పోయి, వరుని తల్లికి చేయి చూపి యంతయు చెప్పితిమి. ఆమె నవ్వి, "అంతేనా వదినగారూ! మా అత్తగారికి మోకాటిలో ఈ సూదే వేసినప్పుడు రెండు దినములు మొగము కుంకుమవలె నెఱ్ఱబడెను. మేమును హడలిపోతిమి" అనెను.

ఈ మందును కీలులో నేరుగా వేయుటను ఫిలడెల్ఫియాలోని హాలెండరు అను వైద్యుడు 1951లో ప్రకటించెను. నాటినుండి లక్షలమందికి మేలు చేసినది. అయినను సోదరీమణులు కొన్ని సంగతు లెఱిగి యుండవలెను. మధుమేహము కలవారికి కొన్నాళ్లు చక్కెర పెరుగవచ్చును. కొందఱికి నిద్ర పట్టదు; అరుదుగా ఎక్కిళ్లు వచ్చును; నెలసరి క్రమము తప్పుటయు కలదు. ముట్లుడిగినవారికి రక్తము కనబడినచో, సూదివలననే యని యూరకుండక వైద్యురాలికి చూపవలెను. కీలు మిక్కిలి వాచి, వేడెక్కి, జ్వరము వచ్చినచో నాడే పరుగెత్తవలెను.

నిజమైన బొల్లియైనను అంటువ్యాధి కాదు. అందు సిగ్గుపడవలసినది లేదు.

పెండ్లినాటికి మచ్చ పూర్తిగా మానలేదు. వదినగారు ఆ చేతితోనే చెంబు పట్టి, వరుని కాళ్లు కడుగ నీరు పోసిరి.