మొర మరచిన నమాజు

ఈ పత్రికలో ఒక సినిమాను గురించి వ్రాయవలసి వస్తుందని మేము ఎన్నడూ అనుకోలేదు. పెందుర్తిలో చిన్న మదర్సా మాది. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు ఖుర్‌ఆన్ పఠనం, ఫిఖ్హ్, కొంత అరబీ వ్యాకరణం చెప్పుకుంటూ వస్తున్నాము. సినిమా చూసి వచ్చిన కళ్ళతో ముస్‌హఫ్ తెరవవద్దని ఎందరు పిల్లలను మందలించామో లెక్క లేదు. ఆ మాటను ఈనాడు వెనక్కు తీసుకుంటున్నామని పాఠకులు భావించవద్దు. ఏది ధర్మసమ్మతమో, ఏది కాదో తేల్చడం ముఫ్తీల పని. మాకు జరిగినదానిని చెప్పుకోవడమే ఇక్కడ మా ఉద్దేశం.

2021 మే నెలలో, రమజాను చివరి పది రోజులలో, మా జీవిత సహచరి కరోనా వ్యాధితో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. జనాజా నమాజుకు వేళ్ళ మీద లెక్కించదగినంత మందిమే నిలిచాము. తల్లికి కడసారి స్నానం చేయించే భాగ్యం కూడా మా అమ్మాయికి దక్కలేదు. ఆ వేసవిలో మా ఒక్క ఇల్లే కాదు, చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళు ఇలాగే చీకటి పడ్డాయి. మేము ఆ ఇళ్ళకు ఫోను చేసి సబ్ర్ ఔన్నత్యాన్ని బోధించాము. మమ్మల్ని పరామర్శించిన వారికి కూడా మేమే ధైర్యం చెప్పాము. "హజ్రత్ ఎంత నిబ్బరంగా ఉన్నారు!" అని అందరూ అన్నారు. అది విని లోలోపల కొంత సంతోషించిన మాట కూడా దాచము.

ఆ నిబ్బరం కింద మా నమాజు ఎండిపోయింది. బయటకు చూస్తే లోపమేమీ లేదు. అయిదు పూటలా ఇమామత్ చేస్తూనే ఉన్నాము. తజ్వీద్ తప్పలేదు. కాని సలాం తిప్పిన తరువాత ఇప్పుడు ఏ సూరా చదివామని ఎవరైనా అడిగితే చెప్పలేని స్థితి. ఒకనాడు అస్ర్ నమాజులో అయిదవ రకఅతుకు లేచి నిలబడబోతే, వెనుక సఫ్‌లోని పిల్లలు "సుబ్‌హానల్లాహ్" అని హెచ్చరించారు. సజ్దా సహ్వ్ చేసి బయటపడ్డాము. దుఆకు చేతులెత్తితే కంఠస్థమైన అరబీ దుఆలు వరుసగా వచ్చేవి, మా సొంత మాట ఒక్కటీ వచ్చేది కాదు. తహజ్జుద్ అయితే పూర్తిగా విడిచిపెట్టాము. అది మా ఇద్దరి నమాజు. ముందు ఆమె లేచేవారు, పెరటి కొళాయి కింద బిందె చప్పుడుకు మేము లేచేవాళ్ళము. ఆ చప్పుడు ఆగిపోయాక మాకు మెలకువ వచ్చినా లేవబుద్ధి కాలేదు.

ఇది ఎవరితోనూ చెప్పుకోలేదు. నమాజు నేర్పేవాడు తనకే నమాజు అందడం లేదని ఎవరికి చెబుతాడు?

2024 సంక్రాంతి సెలవులకు మా అమ్మాయి గాజువాక నుంచి పిల్లవాడితో వచ్చింది. ఆమె చూపు లేని పిల్లలకు పాఠాలు చెప్పే ప్రత్యేక శిక్షణ పొందుతున్నది. ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ తెరుస్తూ, "అబ్బా, మా శిక్షణలో దీన్ని చూడమన్నారు. ఇరాన్ వాళ్ళు తీసినది. పాటలు, ఆటలు ఉండవు. మీరూ కూర్చుంటారా?" అని అడిగింది. "మీరు చూసుకోండి బేటీ" అని మేము లోపలి గదిలోకి వెళ్ళి పరదా వేసుకున్నాము. హిదాయా గ్రంథం తెరిచి ముందు పెట్టుకున్నాము.

కాని చెవులకు పరదా లేదు కదా! ఏదో టేపు తిరుగుతున్న శబ్దం. ఎవరిది ఈ క్యాసెట్ అని ఉపాధ్యాయుడు అడుగుతున్నాడు, పిల్లలు బదులిస్తున్నారు. అంతా ఫార్సీ. మేము మదర్సాలో గులిస్తాన్ చదువుకున్న కాలం తరువాత ఆ భాష ఇంత దగ్గరగా వినపడడం అదే మొదలు. కొంత అర్థమైంది, చాలా వరకు కాలేదు. ఆ మొదటి ఘట్టంలో తెర మీద బొమ్మే లేదని, చీకటిలో శబ్దం మాత్రమే వినిపిస్తుందని అమ్మాయి తరువాత చెప్పింది. గదిలో కూర్చున్న మేమూ, ముందు కూర్చున్న వాళ్ళూ ఆ కాసేపూ ఒకే విధంగా విన్నామన్నమాట.

ఆ చిత్రం 1999 నాటిది. దర్శకుడు మజీద్ మజీదీ. ఆంగ్లంలో 'ది కలర్ ఆఫ్ ప్యారడైజ్' అని పిలుస్తారు గాని, ఫార్సీలో దాని అసలు పేరు 'రంగె ఖుదా', అంటే దేవుని రంగు. ఆ పేరు వినగానే ఖుర్‌ఆన్ చదివిన వారెవరికైనా అల్ బఖరా సూరాలోని 138వ ఆయత్ గుర్తుకు రాక మానదు. అక్కడ కూడా అల్లాహ్ రంగు ప్రస్తావనే ఉంది. కథలోని బాలుని పేరు ముహమ్మద్. పుట్టు అంధుడు, టెహరాన్‌లోని అంధుల పాఠశాలలో చదువుకుంటున్నాడు. ఆ పాత్ర ధరించిన మొహ్సిన్ రమజానీ నిజంగానే చూపు లేని పిల్లవాడు. సెలవులకు అందరి తల్లిదండ్రులూ వచ్చి తమ బిడ్డలను తీసుకువెళతారు. ఇతని తండ్రి ఆలస్యంగా వస్తాడు, వచ్చి కూడా ఈ బిడ్డను ఇక్కడే ఉంచుకోరాదా అని ఉపాధ్యాయులను ప్రాధేయపడతాడు. తండ్రి పేరు హాషిం. భార్య పోయినవాడు. మరల పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాడు, ఈ అంధబాలుడు అందుకు అడ్డమని అతని భయం. ఊరిలో ముసలి తల్లి, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. నానమ్మకు మాత్రం ఆ పిల్లవాడంటే ప్రాణం.

ఇదంతా పరదా ఇవతలికి ఎలా తెలిసిందంటే, మా మనుమడి ప్రశ్నల వల్ల. వాడికి ఫార్సీ రాదు, కింద పడే ఆంగ్ల అక్షరాలు చదివే వేగమూ లేదు. తల్లి వాడికి తెలుగులో చెబుతూ పోయింది. "చూడు, వాగులోని గులకరాళ్ళను వేళ్ళతో తడుముతున్నాడు. చుక్కల అక్షరాలు చదువుకున్న వేళ్ళు కదా, రాళ్ళమీద కూడా అక్షరాలు వెతుకుతున్నాడు. ఇప్పుడు గోధుమ వెన్నును చదువుతున్నాడు." ఈ మాట దగ్గర మేము గ్రంథం పక్కన పెట్టాము. ఆయత్ అంటే ఖుర్‌ఆన్ వాక్యమూ, సృష్టిలోని సూచనా రెండూనని ప్రతి ఏటా కొత్త పిల్లలకు మొదటి వారంలోనే చెబుతాము. చెప్పి ముందుకు సాగిపోతాము. గోధుమ వెన్ను మీద వేలు ఆనించి ఆయత్‌ను చదివేవాడు ఉంటాడని మాకు తోచనేలేదు.

తరువాత ఏడుపు వినిపించింది. తండ్రి ఆ బాలుణ్ణి పని నేర్చుకోమని ఒక అంధ వడ్రంగి దగ్గర వదలిపెట్టి వెళ్ళాడు. వడ్రంగితో బాలుడు తన బాధ చెప్పుకుంటున్నాడు. తనను ఎవరూ ప్రేమించరంటాడు. అంధులను దేవుడు ఎక్కువ ప్రేమిస్తాడని గురువు చెప్పాడట. అలాగైతే తనను చూడలేకుండా మమ్మల్ని ఎందుకు అంధులను చేశాడని ఇతడు అడిగాడట. దేవుడు కంటికి కనిపించడు, అంతటా ఉన్నాడు, వేళ్ళతో తెలుసుకోవచ్చునని గురువు బదులిచ్చాడట. అప్పటినుంచి ఆయన కోసం అన్నిచోట్లా చేతులు చాపి తడుముతున్నాడట, చేతికి తగిలిన రోజున మనసులోనిదంతా, రహస్యాలతో సహా, ఆయనకు చెప్పేస్తాడట.

మేము లేచి పరదా తీసి, గుమ్మం దగ్గరే నేల మీద కూర్చున్నాము. అమ్మాయి మా వంక చూసి ఏమీ అనలేదు, ల్యాప్‌టాప్‌ను కొంచెం మా వైపు తిప్పింది.

నిజం చెప్పాలంటే, ఇదే మాట మా విద్యార్థి ఎవడైనా అని ఉంటే "అస్తగ్ఫిరుల్లాహ్ అను" అని గద్దించి ఉండేవాళ్ళము. అబస సూరా ఎందుకు అవతరించిందో పిల్లలకు మేమే చెబుతాము. ప్రశ్న అడగడానికి వచ్చిన అంధుడు అబ్దుల్లాహ్ ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) విషయంలో ఆకాశం నుంచి హెచ్చరిక దిగింది. మరి మేమో?

అయితే, మమ్మల్ని కుదిపినది ఆ బాలుడు కాడు, ఆ తండ్రి. ఈ సినిమా చూసిన వారందరూ బాలుణ్ణి తలచుకుని కన్నీరు పెడతారు, తండ్రిని తిట్టుకుంటారు. మా మనుమడు కూడా "నానా, ఈయన చెడ్డవాడు కదా?" అని అడిగాడు. మేము బదులు చెప్పలేదు. హాషిం తన తల్లి ముందు బద్దలైన ఘట్టాన్ని పరదా వెనుక సరిగా వినలేదని అమ్మాయి చేత వెనక్కు తిప్పించి చూశాము. ఆ దేవునికి తాను దేనికి కృతజ్ఞత చెప్పాలని అతడు అడుగుతాడు. లేనివాటికా, పడిన కష్టాలకా, అంధుడైన బిడ్డకా, పోయిన భార్యకా అంటాడు. అవిశ్వాసపు మాటలు. కాని మా గుండెలో ఉన్నవి కూడా అవే మాటలని ఆ క్షణాన తెలిసింది. తేడా ఒక్కటే, అతడు పైకి అన్నాడు. మేము ఆ మాటల మీద సబ్ర్ అనే దుప్పటి కప్పి, దాని మీద నిలబడి ఇమామత్ చేస్తున్నాము.

చివరలో వంతెన కూలి బాలుడు నదిలో కొట్టుకుపోతాడు. తండ్రి ఒడ్డున నిలబడిపోతాడు. దూకుతాడు, కాని వెంటనే కాదు. ఆ కొన్ని క్షణాలు మమ్మల్ని ఇప్పటికీ వదలవు. ముగింపు ఏమిటో ఇక్కడ చెప్పము.

ఆ రాత్రి ఇషా తరువాత నిద్ర పట్టలేదు. కిరండూల్ వైపు నుంచి ఇనుప ఖనిజం మోసుకుని రేవుకు పోయే గూడ్సు బండి ఒకటి పోయింది, చాలాసేపటికి మరొకటి. రెండు దాటిన తరువాత లేచి పెరట్లోకి వెళ్ళి కొళాయి తిప్పాము. బిందె మేమే పెట్టుకున్నాము. సంక్రాంతి చలి, సింహాచలం కొండ వైపంతా మంచు. వుజూ చేసుకుని రెండు రకఅతులు చదివాము. నమాజు లోపల సొంత భాషలో దుఆ చేయరాదని మా ఫిఖ్హ్. కనుక సలాం తిప్పిన తరువాత చేతులెత్తాము. కంఠస్థమైనవి రాబోతుంటే ఆపుకున్నాము. ఆమెతో ముప్పై ఏళ్ళు మాట్లాడిన తెలుగులోనే మొదలుపెట్టాము. ఎందుకు తీసుకువెళ్ళావని అడిగాము. అలిగి ఉన్నానని చెప్పుకున్నాము. వ్రాసేటప్పుడు 'మేము' అనడం మాకు అలవాటు, ఆ రాత్రి నోట 'నేను' అనే వచ్చింది. ఎంతసేపు గడిచిందో తెలియదు. ఫజ్ర్ అజాన్ ఇవ్వడానికి పరుగెత్తవలసి వచ్చింది. ఆ ఉదయం ఏ సూరా చదివామో మాకు గుర్తుంది. యూసుఫ్ సూరా.

ఆ సూరాను ఎన్నిసార్లు బోధించాము! బిడ్డను పోగొట్టుకున్న యాకూబ్ (అ) సుందరమైన సబ్ర్ అన్నారు. ఆయనే దుఃఖంతో కళ్ళు తెల్లబడిపోయేంతగా విలపించారు కూడా. ఆయన ఇద్దరు వేరు వేరు మనుషులు కారు. కుమారులు మందలిస్తే, నా దుఃఖాన్నీ వేదననూ అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని బదులిచ్చారు, 86వ ఆయత్. మేమేమో ఆ మొరను జనం దగ్గర దాచాము, సబబే. అల్లాహ్ దగ్గర కూడా దాచబోయాము.

ఖుర్‌ఆన్ చేయలేని పనిని సినిమా చేసిందా అని కొందరు సోదరులు అడుగుతారు. అడగాలి కూడా. మేమూ అడుగుకున్నాము. ఆ ఆయత్ మా దగ్గరే ఉంది, మా నోటనే ఉంది. మేమే దానిని ఇతరులకు పంచే సరుకుగా చేసుకుని, మా ఇంట వండుకోలేదు. అంతకు మించి మాకు సమాధానం తోచలేదు. ముస్తఫా అక్కాద్ 1976లో తీసిన 'ది మెసేజ్' మా యౌవనంలో వీడియో క్యాసెట్లుగా ఇళ్ళలో తిరిగేది. అందులో దైవప్రవక్త (స) వారి రూపం గాని స్వరం గాని ఎక్కడా లేకపోయినా మేము చూడలేదు, చూడనివ్వలేదు. ఈ మజీదీయే 2015లో ప్రవక్త (స) బాల్యం మీద తీసిన చిత్రాన్ని మన దేశంలోనూ ఉలమాలు కొందరు తీవ్రంగా వ్యతిరేకించారు. దానిని మేము చూడలేదు, చూడబోము కూడా. ఒక్కటి మేలు చేసిందని అన్నింటికీ తలుపు తెరవడం మా వల్ల కాదు.

ఆ తరువాత కొద్ది వారాలకు తరగతిలో యూసుఫ్ సూరా పాఠం వచ్చింది. వెనుక వరుసలో ఒక పిల్లవాడు చేయెత్తి, "హజ్రత్, నబీ అయి ఉండి కూడా అంతలా ఏడ్చారా?" అని అడిగాడు. ప్రతి ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే. ప్రతి ఏటా రెండు వాక్యాల జవాబు చెప్పి వ్యాకరణంలోకి వెళ్ళేవాళ్ళము. ఈసారి గ్రంథం మూసి, మా ఇంట జరిగినదంతా వాళ్ళకు చెప్పాము, కొళాయి సంగతితో సహా. తల్లి లేని పిల్లవాడు ఒకడు ఆ రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర మా పక్కన వచ్చి కూర్చున్నాడు, ఏమీ మాట్లాడలేదు. సినిమా పేరు మాత్రం పిల్లలకు చెప్పలేదు. ఇప్పుడు పత్రికలో చదువుతారు కాబోలు.