రెండేళ్ల కార్డు

"రెండేళ్లు ఎలాగో ఓర్చుకో తల్లీ, పదేళ్ల కార్డు చేతికొచ్చాక నీ ఇష్టం."

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల మధ్య ఇన్నేళ్లుగా ఉంటున్నాను. నేను విన్న సలహాల్లో ఇంతకన్నా చెడ్డది లేదు. చెప్పేవాళ్లేమీ చెడ్డవాళ్లు కారు. తెనాలిలోనో ఖమ్మంలోనో ఫోను పట్టుకుని కూర్చున్న అమ్మ, ఫ్రిస్కోలో పక్కవీధి పిన్నిగారు, గుళ్లో పరిచయమైన పెద్దాయన. అందరిదీ ప్రేమే. కానీ ఆ సలహా అమ్మాయికీ మంచి చేయదు, చట్టం ముందూ నిలవదు.

మనవాళ్లలో ఎక్కువమంది హెచ్-1 ఉద్యోగ వీసా మీద వచ్చి, కంపెనీ ద్వారా గ్రీన్‌కార్డుకి ఏళ్లూ పూళ్లూ క్యూలో నిలబడినవాళ్లు. వాళ్లకి ఈ రెండేళ్ల కార్డు గొడవ తెలియదు. ఇది సిటిజన్ సంబంధాలతో వచ్చేది. అమెరికా పౌరుణ్ణి చేసుకున్న అమ్మాయికి (అబ్బాయికైనా అంతే) గ్రీన్‌కార్డు హోదా వచ్చిన రోజుకి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, ఆ కార్డు రెండేళ్లకే ఇస్తారు. దాన్నే కండిషనల్ గ్రీన్‌కార్డు అంటారు. అది ముగిసే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 అనే దరఖాస్తు పెట్టాలి. మా కాపురం నిజమైనదే అని రుజువులు జతచేయాలి. అప్పుడు పదేళ్ల కార్డు వస్తుంది. "ఇద్దరూ కలిసి" అన్న ఆ రెండు మాటలే చాలా ఇళ్లలో కొరడా అయ్యాయి.

ఈ చట్టం 1986లో వచ్చింది, రీగన్ కాలంలో. గ్రీన్‌కార్డు అడిగే పెళ్లిళ్లలో ముప్పై శాతం దాకా దొంగవేనని అప్పటి అధికారులు కాంగ్రెస్‌కి చెప్పారు. ఆ లెక్క తీసిన పద్ధతే సరిగా లేదని తర్వాత బయటపడింది, చట్టం మాత్రం నిలిచిపోయింది. మొదట్లో అయితే మరీ ఘోరం. విడాకులైనా సరే ఒంటరిగా దరఖాస్తు పెట్టాలంటే, ఆ విడాకులు వలస వచ్చిన మనిషే కోరి ఉండాలి, అందుకు తగిన కారణమూ చూపాలి. 1990లో ఆ మెలిక తీసేశారు. కొట్టే భర్తల నుంచి, హింసించే భర్తల నుంచి బయటపడ్డవాళ్లకు ప్రత్యేకంగా ఒక దారి కూడా అప్పుడే పెట్టారు. అంటే మన పెద్దలు ఇప్పటికీ చెబుతున్న సలహాకి కాలం చెల్లి మూడు దశాబ్దాలు దాటింది.

నేను వృత్తిరీత్యా పన్నుల లెక్కలు చూస్తాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మా భోజనాల బల్ల మీద అన్నం పళ్లేలకి చోటుండదు. అలా ఒక ఏడాది గుంటూరు వైపు అమ్మాయి ఒకతె తన డబ్ల్యూ-2 (ఏడాది జీతం లెక్క కాగితం) పట్టుకుని వచ్చింది. "అక్కా, ఆయన విడిగా ఫైల్ చేసేశారట. నన్నూ విడిగా చేసుకోమన్నారు. ఇలా చేస్తే ఏమన్నా అవుతుందా?" అంది. కలిపి వేస్తే పన్ను తగ్గేది. ఆ సంగతి అతనికి తెలియకపోదు. బ్యాంకు ఖాతాలో ఈమె పేరు లేదు. ఇంటి లీజులోనూ లేదు. పోస్టుబాక్సు తాళంచెవి అతని దగ్గరే. కాసేపాగి అసలు మాట చెప్పింది: "నేనొక్క ఉత్తరం రాస్తే నీ కార్డు క్యాన్సిల్, ఫ్లైటెక్కిస్తా అంటున్నారు."

అదంతా వట్టి బెదిరింపు. గ్రీన్‌కార్డు ఒకసారి ఇచ్చాక అది ప్రభుత్వానికీ ఆమెకీ మధ్య వ్యవహారం. అతను ఐ-751 మీద సంతకం పెట్టనని మొండికేయగలడు, పెట్టిన సంతకం వెనక్కి తీసుకోగలడు. అంతే. కార్డు రద్దు చేసే అధికారం ఏ మొగుడి చేతుల్లోనూ లేదు. హింస ఉన్న కేసుల్లో అయితే, హింసించినవాడు ఇచ్చిన సమాచారం ఒక్కటే ఆధారంగా ఆమెకు వ్యతిరేకంగా నిర్ణయం తీసుకోకూడదని చట్టంలోనే రాసి ఉంది.

అతను సంతకం పెట్టకపోతే ఏమిటి దారి? వేవర్, అంటే ఆ జాయింట్ సంతకం నుంచి మినహాయింపు. విడాకులైపోయి ఉంటే, పెళ్లి మాత్రం మంచి ఉద్దేశంతోనే చేసుకున్నానని చూపిస్తూ ఆమె ఒక్కతే ఐ-751 పెట్టుకోవచ్చు. దానికి 90 రోజుల గడువు పట్టింపు లేదు, కార్డు వచ్చిన ఆర్నెల్లకైనా పెట్టొచ్చు. తప్పెవరిదని అడగరు. కాపురం ఎన్నాళ్లు సాగిందన్నది ఒక్కటే చూడరు. తాళి కట్టించుకున్ననాడు కలిసి బతకాలన్న ఉద్దేశం ఉందా లేదా, అసలు ప్రశ్న అది. కాబట్టి రెండేళ్లు పళ్లబిగువున భరించినందుకు చట్టం ఇచ్చే బహుమతి ఏమీ లేదు. పైగా విడిగా బతుకుతూ, కలిసే ఉన్నామని జాయింట్‌గా సంతకాలు పెడితే అది అబద్ధపు ప్రమాణం. ఇంటర్వ్యూకి పిలిచి ఇద్దర్నీ వేరువేరుగా అడిగారంటే అసలుకే మోసం.

ఒక చిక్కుంది. ఆ వేవర్‌కి కోర్టు ఇచ్చిన తుది డిక్రీ కావాలి, విడిగా ఉంటున్నామంటే చాలదు. టెక్సస్‌లో విడాకుల కేసు వేశాక కనీసం 60 రోజులు ఆగాలి, కాలిఫోర్నియాలో ఆర్నెల్లు. అవతలివాళ్లు పోట్లాడితే ఏడాది దాటుతుంది. ఈలోగా కార్డు తేదీ మీదికొస్తుంది. అందుకే "కార్డు వచ్చాక విడాకులు" అన్న వరస తలకిందులు. విడాకులు తప్పవని తేలాక ఆలస్యం చేసిన ప్రతి నెలా ఆమెకే నష్టం. కేసు నడుస్తుండగా తేదీ దగ్గరపడితే ఏం చేయాలన్నది ఇమిగ్రేషన్ లాయరును అడగాలి, ఫ్యామిలీ లాయరును కాదు. ఆ రెండూ వేరు వేరు విద్యలు. దరఖాస్తు అందినట్టు రసీదు వచ్చాక, పాత కార్డుతో కలిపి అది 48 నెలల దాకా చెల్లుతుంది. ఉద్యోగం చేసుకోవచ్చు, ఇండియా వెళ్లి రావచ్చు.

ఇక రుజువులు. జాయింట్ ఖాతా లేదు, లీజులో పేరు లేదు. మరి ఏముంది? ఆ అమ్మాయి ఇన్సూరెన్స్ కార్డు మీద అతని పాలసీ నంబరుంది. డెంటిస్టు బిల్లులున్నాయి. ఆస్టిన్‌కి ఇద్దరూ వెళ్లినప్పటి హోటల్ రసీదుంది. వాట్సాప్‌లో పెళ్లికి ముందు నాలుగు నెలల మాటలున్నాయి, అందులో సగం సినిమాల గురించే. పెళ్లిచూపుల్లో ఒకసారి, నిశ్చితార్థంలో ఒకసారి చూసి పెళ్లి చేసుకోవడం అమెరికన్ అధికారికి వింతగా ఉండొచ్చు. అది మన పద్ధతేనని కాగితం మీద విడమరిచి రాయాలి. బంధువులంతా కంగాళీగా కనిపించే ఆ నాలుగు గంటల పెళ్లి వీడియో, మామూలుగా రెండోసారి ఎవరూ చూడనిది, అప్పుడు పనికొచ్చింది.

అబ్బాయిల వైపు మాటా చెప్పాలి. "మావాణ్ణి కార్డు కోసం వాడుకుంది" అని ఒక తల్లి నా ముందే కళ్లు తుడుచుకుంది. అలాంటివీ లేకపోలేదు. తెలిసి దొంగ పెళ్లి చేసుకుంటే ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. కానీ నాకు తెలిసిన విడాకుల్లో చాలామటుకు ఎవరూ ఎవరినీ వాడుకోలేదు. వాళ్లకి పొసగలేదు, అంతే. అది ఒప్పుకోలేక "మోసం చేసి పెళ్లాడింది, ఈ పెళ్లే చెల్లదనండి" అని కోర్టుకెక్కుతారు. కోర్టు కాగితం మీద మోసం అన్న మాట పడితే ఆ పిల్లకి ఈ దేశంలో దారులు మూసుకుపోవచ్చు. కోపం చల్లారాక ఆ మాటను వెనక్కి తీసుకోవడం కుదరదు.

అబ్బాయిలు చదవకుండా సంతకం పెట్టే కాగితం ఇంకొకటుంది, ఐ-864. ఈ మనిషి ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం కన్నా తగ్గకుండా చూస్తానని ప్రభుత్వానికి ఇచ్చే హామీ అది. 2025 లెక్కన ఒంటరి మనిషికి ఏడాదికి 19,562 డాలర్లు. విడాకులతో ఆ హామీ పోదు. ఆమె సిటిజన్ అయితేనో, పని చేసిన లెక్కలో 40 క్వార్టర్లు పూర్తయితేనో, దేశం విడిచి వెళ్లిపోతేనో, ఇద్దరిలో ఒకరు పోతేనో తీరుతుంది. టెక్సస్‌లో పదేళ్లు నిండని కాపురానికి కోర్టు భరణం ఇప్పించడం అరుదు. అలాంటి చోట ఈ కాగితమే ఆమెకు ఆసరా. విడాకులైతే అంతా వదిలిపోతుందనుకునే అబ్బాయిలు ఒకసారి ఫైలు తీసి చూసుకోవాలి.

ఊళ్లో పెళ్లి చేసుకుని ఇక్కడ విడిపోయినవాళ్లకు మరో ముడి కూడా ఉంది. తిరుపతిలో 1975లో పెళ్లయిన ఒక జంట కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్త అమెరికాలో మిస్సోరి కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ విడాకులు మన దేశంలో చెల్లవని 1991లో తీర్పొచ్చింది, అదే నరసింహారావు వర్సెస్ వెంకటలక్ష్మి. అవతలి మనిషి అంగీకరిస్తే, లేదా తనంతట తాను హాజరై మన చట్టంలో ఉన్న కారణం మీద వాదించుకుంటే, అమెరికా డిక్రీకి విలువ ఉంటుంది. ఏకపక్షంగా తెచ్చుకున్నదానికి ఉండదు. రెండో సంబంధం చూసే ముందు ఆ డిక్రీని హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక లాయరుకు చూపించుకోవడం మంచిది.

సిటిజన్‌షిప్ గురించి కూడా అడుగుతారు. సిటిజన్ భర్తతో కాపురం సాగుతుంటే మూడేళ్లకు దరఖాస్తు పెట్టొచ్చు, విడాకులైతే ఐదేళ్లు. ఆ ఐదేళ్లూ రెండేళ్ల కార్డు వచ్చిన రోజు నుంచే లెక్క. హెచ్-1 భర్త మీద ఆధారపడి హెచ్-4 వీసా మీద ఉన్న అమ్మాయిలకు మాత్రం ఇదేదీ వర్తించదు, విడాకులతో వాళ్ల హోదా పోతుంది. ఇద్దరికీ ఒకే సలహా చెప్పేవాళ్లను నమ్మొద్దు.

గుంటూరు వైపు అమ్మాయికి వేవర్ మీదే పదేళ్ల కార్డు వచ్చింది. ఇప్పుడు తన పన్నులు తనే వేసుకుంటుంది, నాకో గిరాకీ తగ్గింది.

ఇండియాలో ఉన్న తల్లిదండ్రులకి నా మనవి ఒకటే. మీ పిల్ల ఫోను చేసి ఇక ఉండలేనంటే, కార్డుకి ఇంకా ఎన్నాళ్లుందని అడక్కండి. అతను చెయ్యి చేసుకుంటున్నాడా అని అడగండి. పాస్‌పోర్టూ కార్డూ తన దగ్గరే ఉన్నాయో లేదో కనుక్కోండి, లేకపోతే ఫొటోలైనా తీసి మీకు పంపమనండి. హ్యూస్టన్‌లో దయ, న్యూజెర్సీలో మానవి, న్యూయార్క్‌లో సఖి అనే సంస్థలు మన దక్షిణాసియా బాధితుల కోసం ఉన్నాయి. ఎక్కడున్నా సరే, అమెరికా అంతటికీ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233. పగలూ రాత్రీ పలుకుతారు, డబ్బు తీసుకోరు, వీసా ఏమిటని అడగరు.