గోడలో డబ్బాకి పచ్చ తీగ

ఇంటికి మరమ్మతులు అనగానే మనకి టైల్సూ, రంగులూ, వంటింటి అరలూ గుర్తొస్తాయి. స్విచ్‌బోర్డు వెనక గోడలో పాతిన ఇనప డబ్బా ఎవరికి గుర్తొస్తుంది చెప్పండి!

మన్సూరాబాద్‌లో మా ఇల్లు మామయ్యగారు కట్టించింది. వంటింట్లో పాత బోర్డు పక్కనే, వాటర్ ఫిల్టర్ కోసం తర్వాత ఇంకో బోర్డు పెట్టించారు. మొన్న గిన్నెలు తోముతున్న పనమ్మాయి తడి చేత్తో ఆ కొత్త బోర్డు స్క్రూ తగిలి "అమ్మా, జిల్లుమంది" అంది. వెంటనే మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. "చెప్పులేసుకుని ముట్టుకుంటే ఏం కాదులే" అన్నారు అత్తయ్య. చెప్పులేసుకుని మన వంటిళ్ళలోకి ఎవరొస్తారు?

అబ్బాయి వచ్చి బోర్డు విప్పాడు. లోపల ఫేజు వైరు తొడుగు ఒకచోట గీసుకుపోయి డబ్బాకి ఆనుకుని ఉంది. బోర్డు బిగించే స్క్రూలు ఆ డబ్బాలోకే వెళ్తాయి, అందుకని స్క్రూకీ కరెంటు వచ్చింది.

"పాత డబ్బాకి ఎర్తింగ్ ఉందిగా, పక్కపక్కనే ఉన్నాయి, చాలదా?" అని మావారి ప్రశ్న.

"ఎట్ల చాలుతది సార్? మధ్యల ఉన్నది ప్లాస్టిక్ పైపు. పచ్చ వైరు ఇటు గుంజలేదు" అన్నాడు.

పూర్వం ఇనప పైపులు గట్టిగా బిగించేవారు కాబట్టి వాటి గుండానే ఎర్తు అందేదట. పీవీసీ పైపులొచ్చాక ప్రతి డబ్బాకీ విడిగా తీగ పోవాల్సిందే. డబ్బాలు ఒకదాన్నొకటి తాకుతున్నా తుప్పూ, రంగూ అడ్డొస్తాయి కాబట్టి నమ్మకూడదు. డబ్బాకి ఎర్తు ఉంటే ఫేజు తగిలిన క్షణమే కరెంటు ఒక్కసారిగా ఆ దారిన పరిగెత్తి ఎమ్‌సీబీ పడిపోతుంది. లేకపోతే 230 వోల్టులూ డబ్బాలో కాచుకుని కూర్చుంటాయి, ఎవరో ఒకరు ముట్టుకునేదాకా.

పాడైన వైరు మార్చి, పచ్చ తీగలన్నీ ఒకచోట కలిపి, అక్కడినుంచి డబ్బాకో కొమ్మ చొప్పున స్క్రూకి బిగించాడు. డబ్బా నుంచి డబ్బాకి మాలలా గుచ్చుకుంటూ పోతే, మధ్యలో ఒకటి ఊడితే తర్వాతవన్నీ పోతాయిగా! కొందరు పచ్చ తీగ లాగడానికి బద్ధకించి న్యూట్రల్నే డబ్బాకి కలిపేస్తారట. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగిందా, డబ్బా మొత్తం కరెంటే. మీ ఇంట్లో ఎవరైనా అలా చేస్తానంటే ఒప్పుకోకండి.

30 మిల్లీ ఆంపియర్లు లీకైనా ఆపేసే ఆర్‌సీసీబీ కూడా మెయిన్ దగ్గర పెట్టించాను. దాని ఖర్చు చూసి మావారు కాస్త గొణిగారు. నేను వినిపించుకోలేదు. పెరట్లో బొగ్గూ ఉప్పూ పోసిన ఎర్తు గుంత ఎండిపోయి ఉంటే రెండు బిందెల నీళ్ళు పోశాం. మనది రాతినేల, వేసవిలో పోస్తూనే ఉండాలి.

ఇంక బాత్రూంలో గీజరు బోర్డు మిగిలింది. ఆదివారం వస్తానన్నాడు. అప్పటిదాకా స్నానాలకి గ్యాసు మీద కాచిన నీళ్ళే.