వంటగది చీటీ – మా అమ్మ చేతులు

మన హాస్టల్లో ఉన్నవాళ్ళెవరూ వార్డెన్ సారు చీటీని మరిచిపోలేరు. స్టాకు రిజిస్టరు ఆయన గది దాటి బయటికి రాదు. అందులో చూసి రాసిన చీటీ మాత్రం కమాటీ చేతిలో వంటగదికి వెళ్తుంది. చీటీలో ఎంత ఉంటే అంతే వంట. ఎమ్మెస్సీలో కణం పాఠం వింటుంటే నాకు ఇదే గుర్తుకొచ్చింది. డీఎన్ఏ రిజిస్టరు, మెసెంజర్ ఆర్ఎన్ఏ చీటీ, ప్రోటీను వంట.

అయితే ఏ వంటా చెప్పని చీటీలు కూడా కణంలో ఉంటాయి. వాటిని నాన్‌కోడింగ్ ఆర్ఎన్ఏలు అంటారు. అందులో ఒక రకం మైక్రో ఆర్ఎన్ఏలు. పొడవు సుమారు 22 అక్షరాలే. ఇవి వంట చీటీకి అతుక్కుని "ఇక చాలు" అంటాయి. 1993లో ఒక చిన్న పురుగులో ఈ సంగతి బయటపెట్టిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది.

రక్షణ కణాలకు ఈ "చాలు" చాలా అవసరం. సూక్ష్మజీవి చొరబడగానే ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీను గంట కొడుతుంది. వాపు, జ్వరం మొదలవుతాయి. విచిత్రం ఏమిటంటే, ఆ గంటే మిర్-146ఎ అనే చిన్న చీటీని కూడా రాయిస్తుంది. అది ట్రాఫ్-6, ఐరాక్-1 అనే ప్రోటీన్ల చీటీలకు అతుక్కుంటుంది. గంట దాకా కబురు మోసేది ఆ ప్రోటీన్లే. అవి తగ్గితే గంట నెమ్మదిస్తుంది. 2006లో డేవిడ్ బాల్టిమోర్ ప్రయోగశాల వారు దీన్ని కనుక్కున్నారు. ఈ జన్యువు తీసేసిన ఎలుకల్లో రక్షణ కణాలు సొంత శరీరం మీదే తిరగబడ్డాయని 2011లో తేలింది.

అది చదివిన రోజు నాకు మా అమ్మ చేతులు కళ్ళముందు మెదిలాయి. అమ్మకు రుమటాయిడ్ కీళ్ళవాతం. మిరపకాయలు కోసే ఆ వేళ్ళు పొద్దున్నే ముడుచుకోవు. అమ్మకు ఆ చీటీ కరువైందేమో, ఇస్తే చాలేమో అని ఆశపడ్డాను. తర్వాత 2008 నాటి పరిశోధన చదివాను. ఈ జబ్బు ఉన్నవాళ్ళ రక్తకణాల్లో మిర్-146ఎ ఎక్కువగానే ఉంది. కానీ ట్రాఫ్-6, ఐరాక్-1 తగ్గలేదు. చీటీ ఉంది, దాని మాట సాగలేదు.

సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మ అడిగింది, "ఏరా, నువ్వు చదివేదాంట్లో నా నొప్పికి మందుందా?"

"ఇంకా రాలేదమ్మా" అన్నాను. సిగ్గేసింది.

అప్పుడే తెలిసింది, నొప్పి తగ్గిందని వారానికోసారి వేసుకునే మాత్ర అమ్మ మానేసిందని. నేను నేల మీద బొగ్గుతో గంట, చీటీ గీసి చెప్పాను. "గంట ఆగలేదమ్మా. మాత్ర దాన్ని మెల్లగా మోగేట్టు చేస్తంది, అంతే. మానేస్తే మళ్ళీ గట్టిగా మోగుద్ది."

అమ్మ బొమ్మను చాలాసేపు చూసింది. మర్నాడు నాతో ఆసుపత్రికి బయల్దేరింది. డాక్టరు గారు మాత్ర మళ్ళీ మొదలుపెట్టించారు.

తమ్ముళ్ళూ, నా చదువు మా ఇంట్లో మొదటిసారి అక్కరకొచ్చింది ఆ పూటే. పాఠం ఇంగ్లీషులో విన్నా సరే, ఇంట్లో అమ్మకు చెప్పగలిగేంత వరకు చదవండి.