గరుడని అతికించాలా, మళ్లీ కట్టాలా?

పారాచ్యూట్ విచ్చుకోలేదు. మా పెద్దాడి రాకెట్ కోత కోసిన గోధుమ పొలంలో నిట్టనిలువునా పడింది. రెండు రెక్కలు విరిగాయి, అట్టగొట్టం మధ్యలో నలిగింది.

ఇక్కడ జర్మనీలో ఈ మోటార్లు 18 ఏళ్లు నిండినవాళ్లకే అమ్ముతారు. మందు 20 గ్రాములు దాటకపోతే ప్రత్యేకంగా లైసెన్సు అక్కర్లేదు. అందుకని కొనేదీ వెలిగించేదీ మావారు, కట్టేది మాత్రం వాడే.

రెక్కల గొడవ చిన్నదే. బల్సా చెక్క కదా, చెక్క జిగురు రాసి రాత్రంతా ఆరనిస్తే అతుకు పక్క చెక్కకంటే గట్టిగా ఉంటుంది. చిక్కల్లా గొట్టంతోనే. నలిగినచోట ఎంత సాపు చేసినా మోటారు తోపుకి మళ్లీ అక్కడే మడత పడుతుంది. ఆ మేరకు కోసేసి, లోపల సన్నగొట్టం దూర్చి కొత్త ముక్క అతకచ్చు. అప్పుడు బరువు లెక్క మారుతుంది. బరువు కేంద్రం గాలి ఒత్తిడి కేంద్రానికి ముందు, కనీసం గొట్టం వ్యాసమంత దూరంలో ఉండాలి. లేకపోతే పైన పల్టీలే.

కొయ్యాల్సింది సరిగ్గా మా నాన్నగారు "గరుడ" అని రాసినచోట. కిందటి వేసవిలో కాకినాడ నుంచి వచ్చినప్పుడు రాశారు. తర్వాత పక్షవాతం వచ్చింది, కుడిచెయ్యి స్వాధీనంలో లేదు. కొత్తది కట్టేద్దామని మావారు, ఎలాగైనా అతికిద్దామని నేను.

బెర్లిన్ రైనికెండార్ఫ్‌లో 1930లో రాకెట్లు కట్టిన కుర్రాళ్లకీ ఇదే పని. పేలిపోయిన మిరాక్‌ల బదులు కొత్తవి కట్టారు. 1931 మేలో అనుకోకుండా లేచి పడిన రాకెట్‌ని మాత్రం బాగుచేసి, కొద్దిరోజుల్లోనే 60 మీటర్లు ఎగరేశారు. వాడికి చెబితే, "వాళ్లది అట్ట కాదుగా అమ్మా!" అన్నాడు.

చివరికి వాడే వీడియో కాల్‌లో తాతయ్యని అడిగాడు. మాట ముద్దగా వస్తోంది, అయినా ఆయన అడిగింది ఒక్కటే: "ముక్కు బాగుందా?"

"బాగానే ఉంది తాతయ్యా."

"అయితే అదే పెట్టి కొత్తది కట్టరా."

ముక్కు పాతది, పారాచ్యూట్ పాతది, ఒక రెక్క పాతది, గొట్టం కొత్తది. మా అమ్మమ్మ కత్తిపీటకి పీట రెండుసార్లు మారింది, కత్తి ఒకసారి. అయినా అది అమ్మమ్మ కత్తిపీటే. అక్షరాలున్న ముక్కని నేను కోసి దాచుకున్నాను.

కొత్త గొట్టానికి ఇంకా పేరు రాయలేదు. మోటార్లు విమానంలో తీసుకెళ్లనివ్వరు, ఖాళీ గొట్టానికి అడ్డు లేదు. డిసెంబరులో కాకినాడ వెళ్లేటప్పుడు పెట్టెలో పెట్టమన్నాడు. తాతయ్య చేత ఎడమచేత్తో రాయిస్తాడట.