పదిహేడు తరాల అబద్ధం

మా ముత్తాత పేరు లింగయ్య. తాత రాజయ్య. బాపు మళ్లీ లింగయ్య. అంతకు పైన ఎవరున్నారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కానీ 1996లో జమ్మికుంటలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసుకున్న రోజున, ముందు గదిలో గోడకు నేను వేలాడదీసిన అద్దాల ఫ్రేములో ఇరవై ఒక్క తరాల పేర్లున్నాయి. నాతో కలిపి నాలుగు నిజం. మిగతా పదిహేడు నేను పుట్టించినవి.

ఈ బుద్ధి నాకు ఎక్కడ పుట్టిందో బాగా గుర్తుంది. ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటూ హైదరాబాదులో ఉన్న రోజుల్లో కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేయడం అలవాటు. ఒకరోజు అట్ట ఊడిపోయిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. బర్క్స్ పీరేజ్. ఇంగ్లండులోని ప్రభువుల కుటుంబాలన్నిటి వంశావళులు అందులో ఉంటాయి. జాన్ బర్క్ అనే ఆయన 1826లో మొదలుపెట్టిన పుస్తకం అది. ఆ తర్వాత సంచికల మీద సంచికలు వచ్చాయి. బేరమాడి నలభై రూపాయలకు తెచ్చుకున్నాను. అవి నా భోజనం డబ్బులు.

ఆ పుస్తకం నన్ను పట్టుకుంది. ఒక్కో కుటుంబానికి ఒక చిహ్నం, దాని కింద ఒక నినాదం, తర్వాత మూలపురుషుడి నుంచి నిన్నమొన్న పుట్టిన పిల్లాడి దాకా పేర్లు. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరిని పెళ్లి చేసుకున్నారు, ఎవరు సంతానం లేకుండా పోయారు, అన్నీ చీమల బారులాంటి అక్షరాల్లో ఉంటాయి. కొడుకులకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తారు. కొడుకులందరూ అయిపోయాకనే కూతుళ్ల వరస మళ్లీ ఒకటితో మొదలవుతుంది. పెద్దబిడ్డ ముందు పుట్టినా సరే, తమ్ముళ్లందరి తర్వాతే ఆమె పేరు. బిరుదూ ఆస్తీ చాలామటుకు పెద్ద కొడుక్కే పోయే దేశం కాబట్టి వాళ్లు అట్లా రాసుకున్నారు. నాకు అప్పట్లో అది తప్పుగా తోచలేదు. పద్ధతిగా తోచింది.

నేను పద్మశాలి ఇంట్లో పుట్టినవాణ్ణి. మా తాత గుంట మగ్గంలో కూర్చుని నేసి నేసి, నడుము వంగిపోయి పోయాడు. బాపు మగ్గం వదిలేసి పత్తి మార్కెట్టులో గుమాస్తాగా చేరాడు. సీజన్లో బండ్లు వరసకట్టి ఊరంతా దూది ఎగిరే ఆ మార్కెట్టే మమ్మల్ని చదివించింది. సిగ్గుపడాల్సింది అందులో ఏమీ లేదు. నేను మాత్రం సిగ్గుపడ్డాను. ఉద్యోగం వచ్చింది, ఇల్లు లేచింది. ఆ ఇంటికి తగిన తాతలు నాకు కావాల్సి వచ్చింది.

ఇక పనిలో దిగాను. కాకతీయుల కాలపు శాసనాల పుస్తకం ఒకటి తిరగేస్తుంటే మా ఇంటిపేరులాంటి మాట ఒకచోట కనబడింది. ఏదో గుడికి దానమిచ్చిన వాళ్ల వరసలో ఒకాయన. అంతే. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఓరుగల్లు కోటలో మా మూలపురుషుడు దొరికాడని తేల్చేసుకున్నాను. కోట పడిపోయింది 1323లో. అక్కడి నుంచి మా ముత్తాత దాకా మధ్యలో ఎవరు? దానికీ దారి దొరికింది. మనలో తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఉంది కదా. రాజయ్య, లింగయ్య, రాజయ్య, లింగయ్య అని పైకి ఎక్కుతూ పోయాను. అయిదారు తరాలు దాటాక రాజన్న, లింగన్న అన్నాను. ఇంకా పైకి పోయాక రాజన, లింగన. తరానికి ముప్పై రెండేళ్లు వేస్తే లెక్క సరిగ్గా ఓరుగల్లు కోటలో తేలింది. లెక్క కుదిరింది కాబట్టి అది నిజమే అనిపించింది. ఈ మాట నమ్మండి. వారం తిరిగేసరికి ఆ పేర్లు నేనే కల్పించానన్న సంగతి నాకే గుర్తు లేదు. ఎవరైనా అడిగితే కళ్లార్పకుండా చెప్పేవాణ్ణి.

డ్రాయింగ్ షీటు మీద నల్ల సిరాతో, గుండ్రటి అక్షరాలతో రాశాను. పైన ఒక చిహ్నం కూడా గీశాను, మధ్యలో నాడె, దానికి అటూ ఇటూ ఏనుగులు. ఆడవాళ్ల పేరు ఒక్కటి లేదు. బర్క్ కూతుళ్లను చివర్లోనైనా రాశాడు. నేను అదీ చెయ్యలేదు.

గృహప్రవేశం నాడు చుట్టాలందరూ ఆ ఫ్రేము ముందు నిలబడి తలలూపారు. ఒక అన్న వరసాయన భివండీ నుంచి వచ్చాడు. మావాళ్లు చాలామంది మగ్గాలు వెతుక్కుంటూ భివండీకీ షోలాపూర్‌కీ పోయినవాళ్లే. ఆయన అక్కడికక్కడే కాగితం తీసి మొత్తం ఎత్తి రాసుకున్నాడు. నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను.

సాయంత్రం భోజనాలు సద్దుమణిగాక మా పెద్ద మేనత్త వచ్చి ఆ ఫ్రేము కింద కూర్చుంది. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. చదువు రాదు. బీడీలు చుట్టి చుట్టి వేళ్ల కొసలు గట్టిపడి నున్నగా ఉండేవి.

"గవ్వేందో సదువు అల్లుడా, ఇంట" అంది.

చదివాను. ఓరుగల్లు నుంచి మొదలుపెట్టి ఒక్కో పేరు చదువుతుంటే, ఆమె ఒక్కోదానికి "ఊఁ" కొట్టింది. చిన్నప్పుడు ఊళ్లోకి కూనపులివాళ్లు వచ్చి పటం కథ చెప్పేవాళ్లు. చేర్యాల నకాశీవాళ్లు బొమ్మలు వేసిన బట్ట చుట్టను కట్టెకు వేలాడదీసి, ఒక్కో బొమ్మా విప్పుతూ మార్కండేయుడి కథ, భావనారుషీ ఆయన భార్య భద్రావతీ ఉన్న కథ రాత్రుళ్లు పాడేవాళ్లు. ఆ కథకు ఊఁ కొట్టినట్టే మా అత్త నా కథకూ ఊఁ కొట్టింది. చివరికి మా బాపు పేరు, నా పేరు చదివి ఆపాను. ఆమె ఊఁ అనలేదు. ఇంకా ఏదో ఉందన్నట్టు నా మొహంలోకి చూస్తోంది.

"అయిపోయింది అత్తా."

"నర్సవ్వ రాలేదు గదరా?"

"ఎవరత్తా నర్సవ్వ?"

"మా నాయినమ్మ. నువ్వు ఇల్లు కట్టిన జాగ ఎవలదనుకున్నవ్? నర్సవ్వది. మీ ముత్తాత మానేరు అవుతలికెళ్లి ఒక్క ధోతి మీద ఇల్లరికమచ్చిండు. మగ్గం ఆమెది, ఇల్లు ఆమెది. నేత సుత ఆమె అయ్యనే నేర్పిండట ఆయినకు."

నాకు మొదట కోపం వచ్చింది. వంశమంటే మగవాళ్లనే రాస్తారు అత్తా, అది పద్ధతి అని నచ్చజెప్పబోయాను. ఆమె వాదించలేదు.

"పటంల భద్రావతి లేకుంటె భావనారుషి కథ నడుస్తదా?" అని ఊరుకుంది. కాసేపటికి ఫ్రేము వైపు గడ్డం ఎత్తి చూపించి మళ్లీ అంది. "గిండ్ల నువ్వు ఎవ్వల్ని చూసినవ్ అల్లుడా? నేను నర్సవ్వ చేతి గటక తిన్న."

గదిలో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. ఎవరూ మాట్లాడలేదు. కొత్త సున్నం వాసన, గుమ్మానికి కట్టిన మామిడాకుల వాసన. ఆ అద్దంలో నా మొహం కనబడుతోంది, దాని వెనక పదిహేడు మంది రాజన్నలు, లింగన్నలు. వాళ్లలో ఒక్కరి చేతి ముద్ద తిన్నవాళ్లు ఈ భూమ్మీద ఎవరూ లేరు. తిండి పెట్టినామె, గోడలకు జాగ ఇచ్చినామె పేరు నాకు ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేదాకా తెలియదు. అత్తను ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేది. శాసనాల పుస్తకాలు తిరగేసినవాణ్ణి, పది మైళ్ల దూరంలో ఉన్న ముసలామెను అడగాలని తోచలేదు. చదువురాని మనిషికి చరిత్ర ఏం తెలుస్తుందనుకున్నాను.

బాపు సందుగపెట్టెలో ఒక ఉర్దూ కాగితం ఉండేది. నిజాం కాలంలో జాగ కాగితాలు చాలామటుకు ఉర్దూలోనే. అది నాకు చదవరాదు కాబట్టి దాన్ని ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. మర్నాడు ఆ కాగితం పట్టుకుని ఉర్దూ వచ్చిన ఒక పాత పట్వారీ దగ్గరికి పోయాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, వేలు కుడి నుంచి ఎడమకు జరుపుతూ చదివాడు. నర్సవ్వ, జౌజె లింగయ్య. మన దగ్గర కాగితాల్లో కొడుకైతే వల్ద్ అనీ, భార్య అయితే జౌజె అనీ రాసేవాళ్లు. ఆ కాగితంలో మా ముత్తాత పేరు ఆమెను గుర్తుపట్టడానికి మాత్రమే ఉంది.

ఆ తర్వాత నేను వంశావళుల గురించి చాలా చదివాను. ఈసారి రాసినవాళ్లను నమ్మడానికి కాదు, తప్పులు పట్టినవాళ్ల కోసం. ఇంగ్లండులో ఫీల్డింగ్ అని ఒక ప్రభువుల కుటుంబం ఉంది. 1622 నుంచి డెన్‌బీ ఎర్ల్ బిరుదు వాళ్లది. ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల రక్తం తమదని వాళ్లు చెప్పుకున్నారు. ఆధారం ఏమిటంటే, రైన్‌ఫెల్డెన్ అనే ఊరి పేరే తమ ఇంటిపేరు అయిందట. 17వ శతాబ్దంలో దానికి తగిన దొంగ పత్రాలూ పుట్టాయి. గిబ్బన్ అంతటి చరిత్రకారుడు ఆ కథను నమ్మి, అదే వంశంవాడని నవలాకారుడు హెన్రీ ఫీల్డింగ్‌ను గొప్పగా తలచాడు. చివరికి జాన్ హొరేస్ రౌండ్ అనే ఆయన ఆ పత్రాలు బూటకమని తేల్చాడు. ఆయన పుస్తకం 1901లో వచ్చింది. ఇంటిపేరులో ఒక ముక్క కలిస్తే చక్రవర్తి తాత అయిపోయాడు. అది చదువుతుంటే నా డ్రాయింగ్ షీటే చదువుతున్నట్టు అనిపించింది.

కాకతీయులకు కూడా ఈ కోరిక తప్పలేదు. వాళ్ల శాసనాల్లో కరికాల చోళుణ్ణి తమ పూర్వీకుల్లో చేర్చుకున్నారు. అయితే వాళ్ల తొలి తరాల పేర్లు, ఆ వెన్నరాజు, ఆ గుండరాజులు మనకు వరసగా దొరికింది బయ్యారం చెరువు శాసనంలో. దాన్ని వేయించింది గణపతిదేవుని తోబుట్టువు మైలమ. చెరువు తవ్వించి, గట్టు దగ్గర రాతి మీద పుట్టింటి వంశం చెక్కించింది. నేను మా ఇంటి ఆడవాళ్లందరినీ తీసేసి ఎవరి కాలం దాకా పాక్కుంటూ పోయానో, ఆ రాజుల వంశాన్ని మనకు చెప్పింది ఒక ఆడబిడ్డ.

బర్క్ పుస్తకం కొన్న కోఠి ఫుట్‌పాత్‌కు కూతవేటు దూరంలోనే పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది. తర్వాత అది ఉమెన్స్ కాలేజీ అయింది. నా బిడ్డ అక్కడే చదివింది. దాన్ని కట్టించిన రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్, హైదరాబాదు అమీరుల ఇంటి ఆడపిల్ల ఖైరున్నిసాను పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు. 1805లో వాళ్లను ఓడెక్కించి ఇంగ్లండులోని తండ్రి వాళ్ల ఇంటికి పంపారు. అక్కడ క్రైస్తవ పేర్లు పెట్టారు. తల్లిని వాళ్లు మళ్లీ చూడలేదు. సాహిబ్ బేగం అనే పిల్ల కిట్టీ కిర్క్‌పాట్రిక్ అయింది. దాదాపు నలభై ఏళ్లు వచ్చాక హైదరాబాదులో ఇంకా బతికి ఉన్న అమ్మమ్మతో ఆమెకు ఉత్తరాలు కలిశాయి. అమ్మమ్మ షరఫున్నిసా చనిపోయిన కూతురి తలవెంట్రుకల పాయ ఒకటి మనవరాలికి పంపింది. బిడ్డను కాలేజీ దగ్గర దింపిన ప్రతిసారీ ఆ పాయ నాకు గుర్తొచ్చేది, వెంటే నర్సవ్వ గుర్తొచ్చేది. ఆమె వెంట్రుక కాదుగదా, ఫోటో కూడా మాకు లేదు.

ఫ్రేము దించేశాను. కానీ భివండీ అన్న ఎత్తి రాసుకున్నది దించలేకపోయాను. ఆయన దాన్ని పెయింటరుతో గోడ మీద రాయించాడు, కొడుకు పెళ్లి కార్డులో అచ్చు వేయించాడు. అది తప్పని ఉత్తరం రాశాను. నాకు పొలం గట్టు తగాదా ఏదో ఉండి అట్లా అంటున్నానని అనుకున్నాడు. ఇప్పుడు ఆయన మనవళ్లు ఓరుగల్లు పేరు చెప్పుకుంటున్నారు. ఆ పిల్లలకు నేను చేసిన అన్యాయానికి నా దగ్గర మందు లేదు.

కొత్త షీటు మీద పైన నర్సవ్వ అని రాసుకున్నాను, పక్కన లింగయ్య. కింద ఆడా మగా అందరూ, పుట్టిన వరసలో. దానికోసం అత్త దగ్గరికి ఎన్నోసార్లు పోయాను. పురిట్లోనే పోయిన పిల్లల పేర్లు కూడా ఆమెకు గుర్తున్నాయి. నర్సవ్వ తల్లి పేరేమిటని అడిగితే మాత్రం చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది. "నోట్ల ఆడుతంది గని రాదు బిడ్డా, యాదికస్తె పంపిస్త" అంది.

రెండు నెలల తర్వాత ఆమె మనవడు పత్తి బండి వెంట మార్కెట్టుకు వచ్చి, మా ఇంటి దగ్గర ఆగి, జేబులోంచి ఒక బీడీకట్ట కాగితం తీసి ఇచ్చాడు. దాని వెనక పెన్సిలుతో, వాడి దస్తూరీలోనే, ఒక్క మాట ఉంది.

లచ్చవ్వ.